హనుమమ్మ రేడియోకు పట్టిన రోగం

పెళ్లైన కొత్తలో నీలావతి మొగుడు నాగరాజు, "నువ్వు చేసే పని ఏందో ఒక్క మాటలో చెప్పు. మా షిఫ్టులో అడుగుతాండారు" అన్నాడు. "పలకల మీద గీతలు గీస్తానని చెప్పు" అందామె. ఆయన ఆ మాటను అట్లాగే ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీకి మోసుకుపోయాడు. ఇప్పటికీ ఆ షిఫ్టులో సగంమంది ఆమెను డ్రాయింగు టీచరనుకుంటున్నారు. పిల్లలను ట్యూషన్‌కు పంపుతామని ఇద్దరు అడిగారు కూడా.

అది అబద్ధమేమీ కాదు. టీవీ విప్పినా, కరెంటు మీటరు విప్పినా లోపల ఒక పచ్చ పలక కనిపిస్తుంది కదా, దాన్నే బోర్డంటారు. దాని పొట్టలో ఒకదాని మీద ఒకటిగా పల్చని రాగి పొరలుంటాయి. ఏ పొరలో ఏ కరెంటు ఏ దారిన పోవాలో గీసి పెట్టడమే నీలావతి ఉద్యోగం. పొద్దున పెనుకొండలో రైలెక్కి హిందూపురంలో దిగి, సాయంత్రం దాకా గీసి, మళ్లీ రైలెక్కి ఇంటికి చేరుతుంది. తన గీతలంటే ఆమెకు మహా గురి. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు గానీ, కాకి కనీసం తన పిల్ల ఫోటోను ఫోన్‌లో పెట్టుకుని రైల్లో పక్క సీటువాళ్లకు చూపించదు.

ఈ గీతల పిచ్చి ఆమెకు చదువుతో వచ్చింది కాదు, ఇంటితో వచ్చింది. పుట్టిల్లు గోరంట్ల దారిలో ఒక పల్లె. తాతల నాటి చేను, ఆకాశం వైపు చూసే సేద్యం. నాయనా చిన్నాయనా వేరుపడినప్పుడు సర్వేయరు మీద ఇద్దరికీ నమ్మకం లేకపోయింది. ఇద్దరికీ నమ్మకమున్న మనిషి ఒక్కతే, అప్పటికి హిందూపురంలో డిప్లమా చదువుతున్న నీలావతి. ఆమె టేపు పట్టి, దారం లాగి, చేను నడిమధ్యన గట్టు, వాళ్ల మాటలో గెనిమ, వేయించింది. జానెడు అటూ ఇటూ పోలేదు. "నా కూతురు గీస్తే గీతే" అని నాయన ఊరంతా చెప్పుకున్నాడు. చిన్నాయన కూడా మెచ్చుకున్నాడు. తీరా దుక్కికి బండి కట్టుకుని బయల్దేరాక ఆయనకు తెలిసింది, పాత బండిదారి మీదనే గట్టు పడిందని. అప్పటి నుంచి ఆయన వంకలోకి దిగి, ఊరు చుట్టుకుని, అవతలి వైపు నుంచి తన చేనికి తాను పోతున్నాడు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే నీలావతి దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "సమానంగా పంచమన్యారు, పంచినా. దారి ఇడువమని ఎవురన్నా చెప్పినారా?"

ఆమె పనిచేసేది హిందూపురం ఊరి బయట ఒక రేకుల షెడ్డులో. వెంకటేష్ అనే ఆయన అక్కడ పట్టు రీలింగు మిషన్లకూ బోరు మోటార్లకూ కంట్రోలు పెట్టెలు చేయించి అమ్ముతాడు. ఆ కంపెనీ డిజైన్ విభాగానికి నీలావతి అధిపతి. విభాగంలోని సిబ్బంది కూడా నీలావతే. అందుకని అక్కడ మీటింగులు తొందరగా అయిపోతాయి, అధిపతి మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. ఎదురు చెప్పేవాళ్లు లేకపోవడమే ఆమె కొంప ముంచింది.

ధర్మవరం చీర అంచులో హంసో మామిడిపిందో పడాలంటే మగ్గం మీద జకార్డు ఉండాలి. వెనకటికి చిల్లులు పొడిచిన అట్టలను దండగా కుట్టి దానికి తగిలించేవాళ్లు. ఇప్పుడు అట్టలకు బదులు కరెంటు పెట్టె వచ్చింది. నేసేవాడు కాలితో తొక్కగానే పెట్టెలోని అయస్కాంతాలు, డిజైనును బట్టి, లేవాల్సిన దారాలను లేపుతాయి. "ఆ పెట్టెలు బయటి నుంచి తెప్పించేదేందమ్మా, మనమే చేస్తాం" అన్నాడు వెంకటేష్. నీలావతికి పండగే అయింది. ఆ బోర్డుకు మూడు రకాల కరెంటు కావాలి. అయస్కాంతాలకు ఎక్కువ వోల్టులది, నడుమ చిప్పులకు అంతకన్నా తక్కువది, ఆజ్ఞలిచ్చే పెద్ద చిప్పుకు ఇంకా తక్కువది. ఆమె కరెంటు పొరలోని రాగిని మూడు మళ్లు చేసి, మడికీ మడికీ మధ్య రాగి లేని సన్నని ఖాళీ వదిలింది. ఒకరి కరెంటు ఒకరి మడిలోకి పోదు, ఎవరి భాగం వాళ్లది. నాయనా చిన్నాయనల పంపకం కన్నా శుభ్రంగా వచ్చింది. రైల్లో చూపించే ఫోటో ఇదే.

మొదటి పెట్టెను ధర్మవరంలో కుళ్లాయప్ప మగ్గం మీద ఎక్కించారు. కుళ్లాయప్ప నెమ్మదైన మనిషి. ఆయన నేస్తుంటే పక్కన తల్లి హనుమమ్మ రాట్నం తిప్పుతూ కండెలు చుడుతుంది. ఆమె తల పైన గూట్లో ఒక రేడియో. పొద్దున రాట్నం ముందు కూర్చోగానే అనంతపురం స్టేషను పెడితే, మళ్లీ దీపాలు పెట్టే వేళకే ఆపుతుంది. మొగుడు పోయాక పగలంతా ఆమెకు తోడు ఆ రేడియోనే. పాటలో మాట మరిచిపోతే రాట్నం ఆపి వింటుంది, వంటల కార్యక్రమం వస్తే చెప్పేవాళ్లతో పోట్లాడుతుంది.

పెట్టె ఎక్కించిన తర్వాత కుళ్లాయప్ప ఫోన్ చేశాడు. "మగ్గం బాగా ఆడతాంది మేడం. కానీ మా అమ్మ రేడియోతోనే తంటా వచ్చింది. పెట్టె స్విచ్చి ఏస్తే రేడియో గుర్రుమంటాది, ఆపితే పాడతాది" అన్నాడు.

నీలావతి ధర్మవరం పోయింది. నిజమే, స్విచ్చి వేయగానే రేడియోలోని పాట మాయమై గుర్రుమని రంపం కోత మొదలైంది. తన బోర్డులో తప్పుండొచ్చన్న ఆలోచన ఆమె తలకాయలోకి రాలేదు. విభాగంలో అధిపతి ఆ అవకాశం లేదని ఎప్పుడో తేల్చేసింది, సిబ్బంది తలూపేసింది. తప్పు ఇంటి ఎర్తింగుదని తీర్పు చెప్పి, పెరట్లో గుంత తవ్వించి, ఉప్పూ బొగ్గులూ పోయించి, రోజూ బిందెడు నీళ్లు పోయమంది. హనుమమ్మ కొన్నాళ్లు పోసి, "పాపా, ఈ చెట్టు ఎప్పుడు మొలుస్తాది?" అని ఫోన్‌లో అడిగింది.

రెండోసారి పోయి పెట్టె చుట్టూ వెండిరంగు రేకు కాగితం చుట్టింది. బిర్యానీ పొట్లంలా తయారైంది గానీ రేడియో మాత్రం గుర్రుమంటూనే ఉంది. ఆ వీధి నేతగాళ్లు నలుగురు గడపలో నిలబడి చూస్తున్నారు. కుళ్లాయప్ప పెట్టె బాగుంటే తామూ తీసుకుందామని వచ్చినవాళ్లు. వెంకటేష్ ఆ పొద్దునే చెప్పాడు, ఈ గుర్రు తెగకుంటే బోర్డుల పని మానుకుని బయటి పెట్టెలే తెచ్చి అమ్ముకుంటానని. నీలావతికి ఒళ్లు మండింది, భయమూ వేసింది. గూట్లోంచి రేడియో తీసి, చెవి దగ్గర పెట్టుకుని, వెనక మూత ఊడదీసి, డాక్టరు మొహం పెట్టింది.

"అవ్వా, రోగం మా పెట్టెకు కాదు, నీ రేడియోకు. ముసలిదైపోయింది. దీని పని అయిపోయింది" అంది.

"పెట్టె ఆపితే పాడతాది కదా పాపా" అంది హనుమమ్మ.

"ముసలోళ్లకు పక్కన ఎవురన్నా దగ్గితే నిద్ర చెడుతుంది కదవ్వా, అట్ల. దోషం దగ్గినోనిది కాదు. నేను చదివింది ఇదే. నా మాట నమ్ము."

ఆడలేక మద్దెల ఓడన్నారని సామెత. నీలావతి ఇంకో అడుగు ముందుకేసి మద్దెలకు మరణ ధ్రువపత్రం రాసిచ్చింది. గడపలో ఉన్న నలుగురూ తలలూపారు. హనుమమ్మ రేడియోను చేతిలోకి తీసుకుని కొంగుతో తుడిచి గూట్లో పెట్టింది.

ఆ తర్వాత కుళ్లాయప్ప నుంచి ఫోన్ రాలేదు. ఫిర్యాదు ఆగిపోయిందంటే జబ్బు నయమైందనే లెక్క అని వెంకటేష్ సంతోషించాడు. నీలావతి ఆయనకన్నా ఎక్కువ సంతోషించింది. కొత్త రేడియో కొనుక్కుని ఉంటారులే అనుకుంది. ఆ కొత్త రేడియో గుర్రుమంటుందా అన్న ప్రశ్న ఒక్కటి ఆమె దగ్గరకు రాలేదు. వచ్చినా కుర్చీ వేసేది కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె ఇంట్లో బల్ల మీద అదే రకం బోర్డు పెట్టుకుని, కొత్త పువ్వు డిజైను ఎక్కించి పరీక్ష చేస్తోంది. వంటింట్లో నాగరాజు కోడికూరకు మసాలా నూరుతూ, కిటికీలో చిన్న రేడియో పెట్టుకున్నాడు. పోయిన ఏడు ఫ్యాక్టరీలో దసరాకు ఇచ్చిన రేడియో, ఇంకా రంగు కూడా పోలేదు. నీలావతి బోర్డుకు కరెంటు ఇచ్చింది. వంటింట్లో పాట ఆగి, రంపం కోత మొదలైంది. ఆమె కరెంటు తీసింది. పాట వచ్చింది. మళ్లీ ఇచ్చింది. మళ్లీ రంపం.

నాగరాజు మసాలా చేత్తోనే గడప దాకా వచ్చాడు. హనుమమ్మ రేడియో కథ ఆయనకు నీలావతే చెప్పింది, అదీ కాస్త గొప్పగానే చెప్పింది. "ఏం నీలా, మన రేడియో గూడా ముసలిదైపోయిందా?" అన్నాడు.

ఆమె లేచి వంటింట్లోకి పోయింది. కిటికీలోంచి రేడియో తెచ్చింది. బోరు పాయింటు చూసేవాడు కొబ్బరికాయను అరచేతిలో పెట్టుకుని చేనంతా తిరిగినట్టు, ఆ రేడియోను బోర్డు మీద అంగుళం అంగుళం తిప్పడం మొదలుపెట్టింది. నాగరాజు పక్కన నిలబడి, "నీళ్లు పడితే చెప్పు, మోటారు దించుతా" అంటున్నాడు. పెద్ద చిప్పు మీద గుర్రు సన్నగా ఉంది. అయస్కాంతాల వైపు అంతకన్నా తక్కువ. రెండు మళ్ల మధ్య ఆమె వదిలిన ఖాళీ మీదికి రాగానే రేడియో గొంతు చించుకుంది. పక్కకు జరిపితే తగ్గింది, మళ్లీ ఖాళీ మీద పెడితే అరిచింది. ఆ ఖాళీ పొడవునా, రైల్లో అందరికీ చూపించిన ఆ సొగసైన గీత పొడవునా, అరుస్తూనే ఉంది.

అప్పుడు ఆమెకు అర్థమైంది. పెద్ద చిప్పు ఇచ్చే ఆజ్ఞలు సన్నని తీగల మీద ఆ ఖాళీని దాటి అవతలి మడికి పోతాయి. పోయిన కరెంటు తిరిగి రావాలి, అది దాని ధర్మం. పోయిన తీగ కిందనే, రాగి మీద, దగ్గరి దారిన వెనక్కి వస్తుంది. కానీ తీగ కింద రాగి తెగిపోయి ఉంది. దగ్గరి దారి లేక ఆ కరెంటు మళ్లన్నీ చుట్టుకుని యాతన పడుతూ వస్తోంది. చిన్న సందులో ముగిసిపోవాల్సిన రాకపోకలు బోర్డంత చుట్టు అయిపోయాయి. ఆ పెద్ద చుట్టే యాంటెన్నా అయింది, ఆ ఖాళీయే నోరైంది. హనుమమ్మ ఇంట్లో ఒక స్టేషనుకు అడ్డంగా ఇంకో స్టేషను పెట్టింది సాక్షాత్తూ నీలావతే. ఆ స్టేషనులో గుర్రు తప్ప వేరే కార్యక్రమం లేదు.

"గెనిమ ఏసినా, దారి ఇడువలేదు" అంది ఆమె.

"చిన్నాయన చేన్లోనా?" అన్నాడు నాగరాజు.

"ఆడా, ఈడా. రెండుసార్లూ ఒకే తప్పు. ఎవురన్నా ఒక తప్పు నుంచి ఒకటి నేర్చుకుంటారు. నేను ఒక తప్పు నుంచి ఇంగో తప్పు నేర్చుకుంటి."

నాగరాజు నవ్వాడు, తర్వాత నవ్వు ఆపాడు. "మరి ఆ యవ్వ రేడియో?" అన్నాడు.

నీలావతి మనసులో అప్పటి నుంచి ఆ ఒక్క మాటే నిలబడింది. వెంకటేష్ ఏమంటాడో, వీధిలో ఎన్ని పెట్టెలు అమ్ముడుపోతాయో అన్నీ వెనక్కి పోయాయి. ఏ పాపం తెలియని రేడియోను ఆమె నలుగురి ముందు ముసలిదన్నది. దాన్ని ఆ పెట్టె పక్కన మళ్లీ పాడించాలి, ఆ ముసలామె వినాలి. అంతకన్నా ఆమెకు ఇంకేమీ కనిపించలేదు.

ముందు చిన్న పరీక్ష చేసింది. ఆజ్ఞల కరెంటును మాత్రమే దాటనిచ్చే, బియ్యపు గింజల్లాంటి చిన్న చిన్న కెపాసిటర్లను ఖాళీకి అడ్డంగా, తీగలు దాటే చోటల్లా, ఇటు మడికీ అటు మడికీ వంతెన వేసినట్టు అతికించింది. రేడియోలో గుర్రు సగానికి పైగా పడిపోయింది. రోగం తెలిసింది. కానీ అతుకులతో సరిపెట్టడం ఇష్టం లేక మొత్తం బోర్డు మళ్లీ గీసింది. తీగలన్నిటినీ పైకి తెచ్చి, వాటి కింద ఎక్కడా తెగని రాగి పొరను పరిచింది. ఏ తీగా ఏ ఖాళీనీ దాటకుండా చూసింది.

వెంకటేష్‌కు చూపిస్తే ఆయన మొహం చిట్లించాడు. "ఇప్పుడు ఎవురూ ఏమీ అంటాలేరు కదమ్మా. మళ్లా గెలికేదేందుకు? ముందుదే అందంగా ఉండె, మళ్లు మళ్లుగా. ఇదేంది, దున్ని చదును చేసిన చేని మాదిరి."

"ఆ అందమే సార్ రోగం. ఇది నేను చేసిన తప్పు. కుళ్లాయప్ప ఇంట్లో పెట్టె మార్చేవరకు నాకు అన్నం సయించదు" అంది. విభాగం అధిపతి నోట తప్పు అన్న మాట ఆయన వినడం అదే మొదలు. అందుకే ఒప్పుకున్నాడో, బోర్డులు కొత్త దఫా ఎట్లాగూ చేయించాలి కాబట్టి ఒప్పుకున్నాడో ఆమె అడగలేదు.

కొత్త బోర్డు రాగానే ఇంట్లో రేడియో పక్కన పెట్టి చూసింది. రేడియో తన పాటికి తాను పాడుతోంది. పైన పెట్టినా, కింద పెట్టినా, అంచు మీద పెట్టినా అంతే. నాగరాజు ఎర్రమంచి పోవడం మానేసి ఆ రోజు ఆమెతో ధర్మవరం వస్తానన్నాడు. "నువ్వొద్దు. నేను తిట్లు తినేటప్పుడు నువ్వు పక్కన ఉంటే ఇంట్లో మళ్లా చెప్పి నవ్వుతావు" అని ఒక్కతే రైలెక్కింది. దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. ముందు పెట్టె మార్చాలి. తర్వాత రేడియో పెట్టించాలి. పాట వచ్చాక, అవ్వా, ముసలిది నీ రేడియో కాదు, నా బుద్ధి అని చెప్పాలి. హనుమమ్మ నవ్వుతుంది, తాను కూడా నవ్వొచ్చు. తన మీద తాను జోకు వేసుకుంటే ఎంతటి తప్పయినా సగం కడుక్కుపోతుందని నీలావతికి గట్టి నమ్మకం.

కుళ్లాయప్ప అడ్డు చెప్పకుండా పెట్టె విప్పనిచ్చాడు. ఆమె పాత బోర్డు తీసి కొత్తది బిగించింది. ఆయన మగ్గంలో కూర్చుని కాలితో తొక్కాడు. దారాలు లేచాయి, అడ్డదారం మోసే నాడె అటు నుంచి ఇటు దూసుకుపోయింది. హనుమమ్మ రాట్నం తిప్పుతూనే ఆమె వైపు చూసింది.

"అవ్వా, ఇప్పుడు రేడియో పెట్టు" అంటూ నీలావతి గూటి వైపు తిరిగింది. గూట్లో నూనె సీసా, దువ్వెన ఉన్నాయి.

"రేడియో యాడిది పాపా" అంది హనుమమ్మ. "దాని పని అయిపోయిందంటివి కదా. పాతసామాన్లాయన వస్తే ఇచ్చేస్తి. ఇదో, దానికి ఈ బుట్టి ఇచ్చినాడు. గట్టిగానే ఉండాది." కండెలు వేసుకున్న నీలం ప్లాస్టిక్ బుట్టిని కాలితో కొంచెం ముందుకు తోసింది.

"ఎప్పుడు?"

"నువ్వొచ్చి పోయిన వారానికే."

ఆ పాతసామాన్లాయన ఎవరు, యాడుంటాడు అని నీలావతి కుళ్లాయప్పను అడిగింది. "టీవీఎస్ మీద తిరిగేటోడు మేడం, కదిరి తట్టు నుంచి వస్తాడంటారు. ఈపాటికి విప్పి రాగి తీసుకోనుంటాడు" అన్నాడు ఆయన.

ఫోన్లు ఎందుకు ఆగిపోయాయో ఆమెకు అప్పుడు తెలిసింది. "చెడిపోయిందో లేదో ఇంగొకరికి చూపియ్యకుండా అట్లెట్ల ఇచ్చేస్తివవ్వా?" అంది.

"ఇంగొకరికి ఎందుకు చూపించాల? చదువుకున్న పిల్లవు, నమ్ము అంటివి. నమ్మితి."

రైల్లో కూర్చుకున్న జోకుకు అక్కడ చోటు లేదు. నీలావతి ఆమె ముందు నేల మీద కూర్చుంది. "నీ రేడియో బాగుండిందవ్వా. రోగం నా బోర్డుకు. సరిగ్గా చూడకుండానే నీ రేడియో మీదికి తోసినా. కొత్తది తెచ్చిస్తా, రేపే తెచ్చిస్తా" అంది.

హనుమమ్మ రాట్నం ఆపి ఆమె మొహంలోకి చూసింది. "బాగుండిందా?" అంది. "కొత్తది వద్దులే పాపా. మళ్లా ఎవురో వచ్చి అది గూడా చెడిపోయిందంటారు" అని, తెగిన దారం ముడివేసుకుని మళ్లీ తిప్పడం మొదలుపెట్టింది.